మెట్రోకు పది నిమిషాలు

నాచారంలో కొత్తగా కడుతున్న ఫ్లాటు ఒకటి చూచివచ్చాము. కొంటే ఇరవై ఏళ్ల ఋణం. అమ్మేవారి కరపత్రంలో "మెట్రోకు పది నిమిషాలు" అని ఉంది. ఏ వేళనో వ్రాయలేదు. 2017 నవంబరులో నాగోలు నుండి రైలు నడిచింది గాని, నాచారంలో స్టేషను లేదు. హబ్సిగూడకో, ఉప్పలుకో రావాలి. ఉదయం తొమ్మిదింటికి ఆ దారి నిండా ఫ్యాక్టరీ లారీలు, బడి బస్సులు! మా ఆవిడ నడిచి చూద్దామన్నది. హబ్సిగూడకు నలభై నిమిషాలు పట్టింది.

ఇక కొలత. వాళ్లు చెప్పే చదరపు అడుగుల్లో మెట్లూ, లిఫ్టూ కూడా కలిసి ఉంటాయి. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా, అంటే ఇంటిలోపలి నేల, ఎంతో తెలుపమంటుంది. అదెంత నాయనా అని అడిగాను. ఆ కుర్రవాడు కాఫీ తెప్పించాడు. అంకె మాత్రం చెప్పలేదు.