ఫార్మ్‌విల్ పిల్లలు: భవనం అడిగి, గోడనే కూల్చమన్నారు

స్కూళ్లలో వర్ణ వేర్పాటు చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రౌన్ తీర్పు గురించి మనం తరచూ చదువుతుంటాం. నిజానికి అది ఐదు కేసుల కట్ట. అందులో వర్జీనియా కేసు విద్యార్థుల సమ్మె నుంచి పుట్టింది.

ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఫార్మ్‌విల్ చిన్న ఊరు. అక్కడ నల్లజాతి పిల్లల మోటన్ హైస్కూలును 180 మంది కోసం కట్టారు. 1951 నాటికి అందులో 450 మంది దాకా చదువుతున్నారు. గదులు చాలక, తారు కాగితం చుట్టిన చెక్క షెడ్లు వేశారు. వానొస్తే కారేవి. చలికాలంలో పిల్లలు కోట్లు విప్పకుండానే పాఠాలు వినేవాళ్లు. మన హాస్టళ్లను చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తల్లిదండ్రులు స్కూలు బోర్డు చుట్టూ ఎంత తిరిగినా పని కాలేదు.

1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్, ఆమె స్నేహితులు ఒక దొంగ ఫోన్‌తో ప్రిన్సిపాల్‌ను స్కూలు బయటికి పంపించేశారు. ఆయన పేరుతో చీటీలు పంపి అందరినీ హాల్లోకి పిలిచారు. టీచర్లను బయటికి వెళ్లమని, బార్బరా సమ్మెకు పిలుపునిచ్చింది. రెండు వారాలు ఎవరూ క్లాసులకు వెళ్లలేదు.

అప్పటికి వాళ్ల డిమాండ్ మంచి భవనం, అంతే. సాయం కోరితే వచ్చిన ఎన్‌ఏఏసీపీ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ ఒక షరతు పెట్టారు: సమాన వసతుల కోసం కాదు, వేర్పాటునే రద్దు చేయమని అడిగితేనే కేసు వేస్తాం. పిల్లలు సరేనన్నారు, పెద్దలనూ ఒప్పించారు. నా లెక్కలో సమ్మె కంటే ఈ ఒప్పుకోలే పెద్దది. ఎందుకంటే కింది కోర్టు 1952లో వేర్పాటును సమర్థిస్తూ, వసతులు మాత్రం సమానం చేయమంది. 1953లో కొత్త మోటన్ భవనం తయారైంది. అంటే మొదట అడిగింది చేతికొచ్చింది. అయినా కేసు వెనక్కి తీసుకోలేదు.

దానికి చెల్లించిన మూల్యం పెద్దదే. బెదిరింపుల భయంతో బార్బరాను తల్లిదండ్రులు అలబామాలో ఉన్న ఆమె తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. తీర్పు తర్వాత కూడా కౌంటీ లొంగలేదు. తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదవడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ స్కూళ్లన్నీ మూసేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు, ఫీజులకు ప్రజల సొమ్మూ ఇచ్చారు. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకునేదాకా, ఐదేళ్లు నల్లపిల్లలకు ప్రభుత్వ బడి లేదు. కొందరిని బంధువుల ఊళ్లకు పంపారు. చాలామంది మళ్లీ బడి మెట్లెక్కలేదు.