మందుల కొట్టుకీ ఓ చదువుంది!

'అన్నా, మిరపకు ముడత తగిలింది. ఏదన్నా గట్టి మందియ్యి!'

పశ్చిమ ప్రకాశంలో ఏ ఎరువుల కొట్టు ముందు కాసేపు నిలబడినా ఈ మాట వినిపిస్తుంది. పుల్లలచెరువు చుట్టుపక్కల వాననీ బోరునీ నమ్ముకుని పత్తి, మిరప, కంది వేసే రైతుకి మొదటి డాక్టరు కొట్టు యజమానే. అప్పిచ్చేదీ ఆయనే, మందు చెప్పేదీ ఆయనే. మరి ఆ కుర్చీలో కూర్చోవాలంటే ఏం కావాలి? ఒకప్పుడు చేతిలో నాలుగు డబ్బులు, రోడ్డుమీద ఓ గది, కంపెనీ వాళ్లతో పరిచయం ఉంటే సరిపోయేది. ఇప్పుడలా కుదరదు.

కిరాణా కొట్టో బట్టల కొట్టో అయితే పెద్ద తతంగం లేదు. పంచాయతీ లైసెన్సు తీసుకోవాలి. 1988 నాటి దుకాణాల చట్టం కింద కార్మిక శాఖలో నమోదు అవసరమేమో చూసుకోవాలి. సరుకుల వ్యాపారం ఏడాదికి 40 లక్షలు దాటితే జీఎస్టీ. 2020లో వచ్చిన 'ఉద్యమ్' నమోదుకైతే సర్కారు పైసా తీసుకోదు. అయినా దానికీ వందలు గుంజే మధ్యవర్తులున్నారనుకోండి, అది వేరే కథ!

మందుల కొట్టు దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. విత్తనాలకో లైసెన్సు, ఎరువులకో లైసెన్సు, పురుగుమందులకో లైసెన్సు. వెనక మూడు వేర్వేరు నిబంధనలు: 1983 విత్తన ఉత్తర్వు, 1985 ఎరువుల ఉత్తర్వు, 1968 పురుగుమందుల చట్టం. ఎరువులమ్మాలంటే ఆ సరుకిచ్చే కంపెనీ నుంచి 'ఓ' ఫారం తేవాలి. నిల్వలు, ధరలు బోర్డు మీద రాయాలి. పురుగుమందులున్న భవనంలో మనుషులు తినేవీ పశువులు తినేవీ అమ్మకూడదు. అంటే ఒక పక్క కందిపప్పు, మరో పక్క పురుగుమందు డబ్బా కుదరవన్నమాట.

అసలు మెలిక చదువు దగ్గరుంది. ఎరువుల డీలరుకూ పురుగుమందుల డీలరుకూ చదువుండాలని కేంద్రం షరతు పెట్టింది. వ్యవసాయ డిగ్రీయో డిప్లొమానో అలాంటి తగిన అర్హతో ఉండాలి. మరి ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతున్న పదోతరగతి పెద్దమనిషి సంగతేంటి? ఆయన కోసమే 'దేశీ' డిప్లొమా. హైదరాబాద్‌లోని 'మేనేజ్' సంస్థ 2003లోనే దీన్ని మొదలుపెట్టింది. ఏడాదిపాటు వారానికో రోజు తరగతి, మధ్యమధ్య పొలం సందర్శన. నేల, విత్తనం, తెగుళ్లు, మందుల మోతాదు, చట్టాలు... అన్నీ చెబుతారు. కౌంటరు వెనకుండే మనిషి మళ్లీ బెంచీమీద కూర్చుని పరీక్ష రాయడం చూడ్డానికి సరదాగా ఉన్నా, దాని అవసరం చిన్నది కాదు.

2021-22 సీజన్ గుర్తుందా? నల్ల తామర పురుగు మిరప పూతలో దూరి తోటల్ని తుడిచిపెట్టింది. ఏ మందుకీ లొంగక, రైతులు దొరికినవన్నీ కలిపి కొట్టారు. అలా కొడితే పురుగును తినే మిత్రకీటకాలు ముందు పోతాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆ మాట రైతు చెవిన వేయాల్సింది ఎవరు? రోజూ ఎదురుపడే కొట్టాయనే కదా!

అయితే సర్టిఫికెట్ గోడమీద, దాని సొంతదారు ఎక్కడో... ఈ తంతు మన మెడికల్ షాపుల్లో చూసిందే. మందుల కొట్టుకీ ఆ జబ్బు అంటుకుంటే ఇంత చదువూ గోడకే పరిమితం. తనిఖీకి వచ్చినవాళ్లు చట్రంలోని కాగితాన్నే కాదు, కౌంటరులోని మనిషినీ చూడాలి.

మీరు కొనేవాళ్లయితే డబ్బామీద త్రికోణం చూడండి. ఎరుపు అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. బిల్లు మాత్రం తప్పక అడగండి. పంట పోయి ఫిర్యాదు చేయాల్సివస్తే చేతిలో ఉండే ఆధారం అదే. 'అప్పు మీద తీసుకున్నాం, బిల్లెలా అడుగుతాం' అని చాలామంది మొహమాటపడతారు. ఎరువుల ఉత్తర్వులో రెండు మాటలూ ఉన్నాయి... నగదుకైనా, అరువుకైనా రసీదు ఇవ్వాల్సిందే.