మీసాల అమ్మ అడిగిన ఒక్క ఏడాది

తొలిరోజే తరగతి చేయి దాటిపోయింది. కొత్తగా వచ్చిన మాస్టారు ముందురోజు రాత్రి కూర్చుని పక్కాగా ప్రణాళిక వేసుకున్నారు. మాంటిసోరీ పద్ధతి గురించి చదివి ఉన్నారు కనుక నిశ్శబ్దపు ఆటతో మొదలుపెట్టాలనుకున్నారు. కిటికీలు మూయించి, గది చీకటి చేయించి, చప్పుడు చేయకుండా కూర్చుని చుట్టుపక్కల వినిపించే శబ్దాలను వినమన్నారు. నాలుగో తరగతి పిల్లలకు అంతకంటే అవకాశం ఏం కావాలి? ఒకడు మూలిగాడు, ఇంకొకడు కాళ్లు నేలకేసి కొట్టాడు, కాసేపట్లో గది సంతలా మారింది. చేసేదిలేక మాస్టారు పిల్లలకు సెలవిచ్చి పంపేశారు. అనుమతి లేకుండా సెలవిచ్చినందుకు హెడ్మాస్టరు చేత చీవాట్లు తిన్నారు.

మర్నాడు ఆయన ప్రణాళికను పక్కనపెట్టి, ఏడుగురు రాణులున్న ఒక రాజు కథ ఎత్తుకున్నారు. గోల చేసిన పిల్లలే నోరు తెరుచుకుని విన్నారు. గంట కొట్టినా కథ ఆపొద్దన్నారు.

ఇది జరిగిన కథ కాదు, రాసిన కథ. 1930ల తొలినాళ్లలో గుజరాతీలో వెలువడిన 'దివాస్వప్న' ఇలా మొదలవుతుంది. తెలుగు ఉపాధ్యాయులకు అది 'పగటికల'గా పరిచయం. రాసిన గిజుభాయ్ బధేకా మాత్రం నిఖార్సయిన బడిపంతులు. భావనగర్‌లో చిన్నపిల్లల మధ్య గడిపిన ఏళ్లలో తాను నమ్మినదాన్నంతా ఆయన ఆ చిన్న పుస్తకంలో పెట్టారు. సుమారు తొంభై ఏళ్లుగా అది చేతులు మారుతూనే ఉంది. నేషనల్ బుక్ ట్రస్ట్ దాన్ని ఇతర భాషల్లోకి తెచ్చింది. చెత్తలోంచి సైన్సు బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా లాంటి వాళ్లు ఊరూరా దాని గురించి చెప్పారు. మన దగ్గర జపాన్ బడి కథ 'రైలుబడి'తో పాటు అనేకమంది టీచర్ల అలమరల్లో అదీ ఉంటుంది.

చదివి ముచ్చటపడటం వరకూ ఇబ్బంది లేదు. అందులోని మాస్టారు అసలు ఏం అడిగారన్నదే మనవాళ్లు సాధారణంగా దాటేసే సంగతి.

గిజుభాయ్ 1885 నవంబర్ 15న గుజరాత్‌లో పుట్టారు. బడి వైపు రావాలని ఆయన అనుకోలేదు. బతుకుదెరువు కోసం 1907లో తూర్పు ఆఫ్రికా వెళ్లారు, రెండేళ్లకు తిరిగొచ్చి బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి వకీలయ్యారు. 1913లో కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడిని ఎలా పెంచాలి, ఎక్కడ చదివించాలి అన్న ప్రశ్న తండ్రిని పట్టుకుంది. తాను తన్నులు తింటూ చదువుకున్న రకం బడికి వాడిని పంపడం ఆయనకు ఇష్టం లేదు. (ఎక్కాలు అప్పజెప్పలేని రోజు చింతబరికె ఎలా మాట్లాడుతుందో ఈ రచయిత తరానికీ బాగానే తెలుసు.) ఆ వెతుకులాటలోనే మరియా మాంటిసోరీ రచనలు ఆయన కంటబడ్డాయి. 1916లో వకీలు వృత్తి వదిలేసి, నానాభాయ్ భట్ భావనగర్‌లో నడుపుతున్న దక్షిణామూర్తి సంస్థలో చేరారు. మొదట పెద్ద పిల్లలకే చదువు చెప్పారు. హైస్కూలుకు వచ్చేసరికే పిల్లవాడిలో భయమూ పోటీ గట్టిపడిపోతున్నాయని అక్కడ ఆయనకు అర్థమైంది. 1920 ఆగస్టులో రెండున్నరేళ్లు నిండిన పిల్లల కోసం బాలమందిరం తెరిచారు. నిండైన మీసాలతో ఉండే ఈ మనిషిని జనం ముద్దుగా 'మూఛాళీ మా' అన్నారు. అంటే మీసాల అమ్మ.

అది దేశంలో చదువు గురించి పెద్ద పెద్ద ఆలోచనలు సాగుతున్న కాలం. రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టి అప్పటికే రెండు దశాబ్దాలవుతోంది. చేతిపని చుట్టూ చదువును అల్లాలన్న గాంధీజీ నయీ తాలీమ్ 1937లో వార్ధాలో రూపుదిద్దుకుంది. ఒకరికి విశ్వమానవుడు కావాలి, మరొకరికి స్వావలంబన ఉన్న గ్రామం కావాలి. గిజుభాయ్ లక్ష్యం వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఆయనకు ఇవాళ, ఈ గదిలో, ఈ పిల్లవాడు భయం లేకుండా ఉంటే చాలు. బాల్యమంటే రేపటి బతుకుకు రిహార్సల్ కాదని, అదీ బతుకేనని ఆయన నమ్మకం. దెబ్బ ఎంత చెడ్డదో బహుమతీ అంతే చెడ్డదన్నారు. ఒకటి భయంతో పని చేయిస్తుంది, రెండోది ఆశతో చేయిస్తుంది. రెండింటిలోనూ చదువు మీద ఇష్టానికి చోటుండదు. ఏటా వేసవిలో ర్యాంకర్ల ఫొటోలతో పత్రికల మొదటి పేజీలు నిండిపోవడం చూసే తెలుగు పాఠకులకు ఈ రెండో మాట మొదటిదానికంటే మింగుడుపడనిది.

'పగటికల'లో ఈ నమ్మకాలేవీ ఉపన్యాసాలుగా రావు, పనులుగా వస్తాయి. మాస్టారు తరగతిలోకి చీపుర్లు, అద్దం, దువ్వెన తెస్తారు. పిల్లలు ఎవరి గోళ్లు, ఎవరి జుట్టు వాళ్లే చూసుకుంటారు. పాఠ్యపుస్తకాలు కొనే డబ్బుతో రకరకాల కథల పుస్తకాలు కొని తరగతి గ్రంథాలయం చేద్దామంటారు. వ్యాకరణం ఆటగా మారుతుంది. మైదానంలో ఆడించబోతే పిల్లలు కొట్టుకుంటారు, తల్లిదండ్రులు గొడవకొస్తారు. తోటి ఉపాధ్యాయులు వెనకాల నవ్వుకుంటారు. కథలు చెప్పి పాసు చేయిస్తాడట అని ఎగతాళి. ఏ ఒక్కటీ అనుకున్నట్టు సాఫీగా సాగదు. పుస్తకం బలమంతా అక్కడే ఉంది.

కథకు ఆధారమైన ఒప్పందం మాత్రం మొదటి పేజీల్లోనే కుదురుతుంది. మాస్టారు విద్యాధికారి దగ్గరకు వెళ్లి, ఒక తరగతిని ఏడాదిపాటు తనకు అప్పగించమంటారు. ఎలా చెప్పాలో తాను నిర్ణయించుకుంటానంటారు. అధికారి తటపటాయిస్తూనే నాలుగో తరగతి ఇస్తారు, కానీ షరతులు పెడతారు. పాఠ్యప్రణాళిక అదే, ఏడాది చివర పరీక్ష ఉంటుంది, ఫలితం చూపించాలి. మాస్టారు సరేనంటారు. గిజుభాయ్ అంటే పరీక్షలు వద్దన్నవాడు, పిల్లల్ని ఇష్టానికి వదిలేయమన్నవాడు అనుకునేవాళ్లు ఈ 'సరే'ను గమనించాలి. పద్ధతి ఉపాధ్యాయుడిది, జవాబుదారీ కూడా ఉపాధ్యాయుడిదే. పిల్లల స్వేచ్ఛ గురించి ఎంత రాశారో, పంతులు స్వేచ్ఛ గురించీ ఆ పుస్తకంలో అంతే ఉంది.

దీని మీద ఒక విమర్శ ఎప్పటినుంచో ఉంది. కథలో ఉన్నది మామూలు ప్రాథమిక పాఠశాల. గిజుభాయ్ నడిపింది మాత్రం పట్టణంలో, చదువు విలువ తెలిసిన ఇళ్ల పిల్లల కోసం పెట్టిన ప్రత్యేకమైన బడి. కడుపు నిండని పిల్లల దగ్గర ఇదంతా చెల్లుతుందా? ఆయనే తన పుస్తకానికి పగటికల అని పేరు పెట్టుకున్నారు కదా అని దెప్పేవాళ్లూ ఉన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు గిజుభాయ్ సహచరి నుంచి వచ్చింది. తారాబాయ్ మోదక్ 1920ల్లో భావనగర్ వచ్చి ఆయనతో పనిచేశారు. ఇద్దరూ కలిసి 1926లో నూతన్ బాల శిక్షణ సంఘాన్ని నిలబెట్టారు. ఖరీదైన మాంటిసోరీ సామగ్రితో పట్టణాల్లో నడిచే బడి పేదల దగ్గరకు చేరదని గ్రహించి, ఆమె 1945లో ఠాణే జిల్లా తీరంలోని బోర్డీ గ్రామానికి మకాం మార్చారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. గవ్వలు, గింజలు, గులకరాళ్లు లెక్కల సామగ్రి అయ్యాయి. 1957లో అక్కడికి దగ్గర్లోని కోస్‌బాద్ కొండకు, వార్లీ గిరిజనుల మధ్యకు వెళ్లారు. పశువులు కాసే పిల్లల కోసం పచ్చికబయలులోనే బడి నడిపారు. శిష్యురాలు అనూతాయి వాఘ్ ఆ పనిని దశాబ్దాల పాటు కొనసాగించారు. వాకిలి బడికి వాళ్లు వాడిన పేరు అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన ఐసీడీఎస్ పథకం ఆ పేరును దేశమంతటికీ తీసుకెళ్లింది. ఇవాళ దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్నాయి. పేరైతే బతికింది. లోపల కథలూ గవ్వలూ ఎన్నింట్లో ఉన్నాయన్నది వేరే సంగతి. 2021 నుంచి కార్యకర్త చేతిలో ఎక్కువగా కనిపించేది పోషణ్ ట్రాకర్ యాప్ ఉన్న ఫోను.

మన రాష్ట్రాల అనుభవమూ ఇందుకు భిన్నంగా లేదు. 1980ల చివర, 1990ల మొదట్లో బ్రిటన్ ఆర్థిక సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకాన్ని పాతతరం టీచర్లు ఇప్పటికీ 'ఏపీపెప్' అని తలచుకుంటారు. కృత్యాల ద్వారా బోధన, జట్టు పని, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం లాంటి ఆరు సూత్రాలు దానికి పునాది. గిజుభాయ్ చదివితే సంతోషించే మాటలే అన్నీ. శిక్షణలు జరిగాయి, గదుల్లో దారాలకు బొమ్మలు వేలాడాయి. కొన్నిచోట్ల బోధన నిజంగానే మారింది. చాలాచోట్ల దారాలు మిగిలాయి. సూత్రాలు పైనుంచి వచ్చాయి కనుక వాటిని పాటించినట్టు చూపించడమే ఒక పనైపోయింది.

2005లో యశ్‌పాల్ సారథ్యంలో రూపొందిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ చదువుకు స్వస్తి చెప్పమంది. 2009 విద్యాహక్కు చట్టం దెబ్బను నిషేధించింది. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ ఫెయిల్ చేయొద్దంది. కాగితం మీద మీసాల అమ్మ గెలిచినట్టే. అయితే చట్టం పిల్లవాడిని పరీక్ష భయం నుంచి తప్పించింది గానీ, పంతులుకు తన తరగతి మీద అధికారం ఇవ్వలేదు. పాఠ్యపుస్తకం, టైంటేబులు, ఏ వారం ఏ పాఠం అన్నది అన్నీ పైనుంచే వచ్చాయి. ఫెయిల్ చేయకపోవడమంటే పట్టించుకోకపోవడమేనన్న అర్థం చాలా బడుల్లో స్థిరపడింది. 2024 అసర్ సర్వేలోనూ గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. తప్పు ఉదారతదేనన్నారు. 2019లో చట్టాన్ని సవరించారు. 2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, తన ఆధ్వర్యంలోని బడుల్లో ఐదు, ఎనిమిది తరగతుల దగ్గర మళ్లీ ఆపేయొచ్చంది. రెండు నెలల్లో ఇంకో పరీక్ష పెడతారు, అందులోనూ తప్పితే అదే తరగతి. రాష్ట్రాలు ఎవరికి తోచిన దారి వారు పడుతున్నాయి. తమిళనాడు పాత పద్ధతినే కొనసాగిస్తానంది.

ఈ రగడలో ఫెయిల్ చేయాలనేవాళ్లకూ వద్దనేవాళ్లకూ ఒక విషయంలో పేచీ లేదు. రెండు పక్షాలూ నిర్ణయం పైనే జరగాలంటున్నాయి. పంతులు దాన్ని అమలు చేయాలి, అంతే. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప బడి పనికి సంబంధించని విధులు ఉపాధ్యాయులకు అప్పగించొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగానే చెబుతోంది. అయినా మధ్యాహ్న భోజనం ఫొటో ఎక్కించడం దగ్గర్నుంచి పూటకో పని వారి నెత్తిన పడుతూనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్ తెచ్చినప్పుడు సొంత ఫోన్లలో వేసుకోబోమని ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. అలాగని పంతుళ్లంతా బాధితులే అనలేం. ఏడాది స్వేచ్ఛ ఇస్తే ఎంతమంది తీసుకుంటారు, ఎంతమంది చివర పరీక్షకు నిలబడతారు అన్న అనుమానం అధికారులకు ఉంది. అది పూర్తిగా నిరాధారమూ కాదు. కానీ ఇచ్చి చూసినవాళ్లు లేరు కనుక అనుమానం అనుమానంగానే ఉండిపోయింది.

గిజుభాయ్ 1936లో దక్షిణామూర్తి వదిలి రాజ్‌కోట్ చేరారు. అక్కడ ఆయన పెట్టాలనుకున్నది పిల్లల బడి కాదు, ఉపాధ్యాయుల్ని తయారుచేసే అధ్యాపన మందిరం. ఆరోగ్యం సహకరించలేదు. 1939 జూన్ 23న చనిపోయారు. ఆయన్ని వకీలు వృత్తి నుంచి బడికి లాక్కొచ్చిన మాంటిసోరీ అదే ఏడాది నవంబరులో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకు శిక్షణ మొదలుపెట్టారు.

'పగటికల'లో మాస్టారి అర్జీ ఒక గదిలో, ఒక అధికారి ముందు, ఒక్క సంభాషణలో తేలిపోయింది. ఇవాళ ఏ మండలంలోనైనా ఒక టీచరు అదే కోరిక కోరితే కాగితం మండల విద్యాధికారి దగ్గర మొదలవుతుంది. ఆయన జిల్లాకు పంపుతారు. పాఠ్యప్రణాళిక ఎస్సీఈఆర్టీ చేతిలో ఉంది, పరీక్షల తేదీలు కమిషనర్ కార్యాలయం చేతిలో, నిధులు సమగ్ర శిక్ష చేతిలో. తరగతి ఎవరి చేతిలో ఉందో అడిగితే నలుగురైదుగురు టీచర్లు నలుగురైదు పేర్లు చెప్పారు. వాటిలో వాళ్ల పేరు లేదు.