మనుషుల్ని పెంచినా ముందుకు సాగని పని
సాఫ్ట్‌వేర్‌లో టెక్నికల్ ప్రాజెక్టు మేనేజర్ బాధ్యతలివీ

కుమారుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మేనేజర్ అయ్యాడని చెప్పుకునే తల్లిదండ్రులకు పల్లెల్లోనూ కొదవ లేదు. ఆయన చేసే పనేమిటని అడిగితే మాత్రం అర్ధరాత్రి వరకు ఫోన్లో మాట్లాడుతుంటాడన్న సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. అది పూర్తిగా తప్పేమీ కాదు. అమెరికాలోని క్లయింటుకు పగలైనప్పుడు ఇక్కడ రాత్రి.

క్లయింటు కోరిన సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకున్న గడువుకు, ఒప్పుకున్న ఖర్చులో అందేలా చూడడం ఈ మేనేజర్ బాధ్యత. ప్రోగ్రాములు రాసేది డెవలపర్లు, లోపాలు వెతికేది టెస్టర్లు. ఎవరి పని ముగిస్తే ఎవరిది మొదలవుతుందో లెక్క వేయడం, మధ్యలో కోరే మార్పులకు అదనంగా ఎన్ని రోజులు పడతాయో తేల్చడం ఆయన వంతు. సాంకేతిక పరిజ్ఞానం లేకుంటే 'తొంభై శాతం అయిపోయింది' అన్న డెవలపర్ మాటను నమ్మడం తప్ప గత్యంతరం ఉండదు. ఆ మిగిలిన పది శాతమే నెలల తరబడి సాగడం ఈ రంగంలో కొత్త కాదు.

పని వెనుకబడితే మనుషుల్ని పెంచవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. వరి నాట్లకు ఇరవై మందికి బదులు నలభై మంది కూలీలు వస్తే మడి త్వరగా పూర్తవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్క చెల్లదు. ఐబీఎంలో ఓఎస్/360 నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే ఈ సంగతిని పుస్తకంలో వివరించారు. కొత్తవారికి నేర్పేందుకు పాతవారు తమ పని ఆపుకోవాలి. పైగా ఐదుగురి బృందంలో ఇద్దరిద్దరి మధ్య సంప్రదింపుల దారులు 10 ఉంటే, పది మంది అయ్యేసరికి అవి 45కు చేరతాయి. ఆలస్యమైన ప్రాజెక్టు మరింత ఆలస్యమవుతుంది.

భాగాలన్నిటినీ కలిపి చూసే బాధ్యత ఎవరిదో తేలకపోతే ఏమవుతుందో అమెరికా ప్రభుత్వానికి అనుభవమైంది. ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న ప్రారంభించిన హెల్త్‌కేర్.గవ్ వెబ్‌సైట్‌లో తొలిరోజు నమోదు పూర్తి చేసుకోగలిగింది ఆరుగురే. పలు సంస్థలు విడివిడిగా తయారు చేసిన భాగాలను కలిపి పూర్తిగా పరీక్షించింది చివరి రెండు వారాల్లోనేనని ఆ సంస్థల ప్రతినిధులు అక్కడి చట్టసభకు తెలిపారు. మొత్తానికి బాధ్యత వహించేలా ఒకే సంస్థను నియమించింది అక్టోబరు చివర్లో.

గడువు దాటుతుందన్న మాటను క్లయింటుకు చెప్పడమే ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టం. నెల ముందు చెబితే ఏ భాగాన్ని వాయిదా వేయాలో క్లయింటే ఎంచుకుంటాడు. చివరి వారంలో చెబితే బృందం సెలవులన్నీ రద్దవుతాయి. సంక్రాంతికి వస్తామన్న వారు రైలు టిక్కెట్లు రద్దు చేసుకునేది తరచూ ఇలాంటప్పుడే.