బిగుసుకున్న బుష్షు

"మెకానికల్ చదువుతున్నావుగా, ఆ చప్పుడేమిటో చూడరాదూ!" అన్నారు నాన్న. మాది పాత అంబాసిడర్. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా, నాన్న టాక్సీగా తిప్పే ఆ బండే మాకింకా తిండి పెడుతోంది. గుంటలో పడ్డప్పుడల్లా వెనక కుడివైపు 'టక్కు'మంటోంది.

చూస్తే, కమాన్ కట్టను ముందు చివర ఛాసిస్‌కు కలిపే చోట బుష్షు పాడైంది. బుష్షంటే బ్రహ్మవిద్యేమీ కాదు. లోపలొక ఇనప గొట్టం, బయటొక గొట్టం, మధ్య రెంటికీ అంటుకున్న రబ్బరు. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టుకుంటే, కమాను కదిలినప్పుడల్లా రబ్బరు మెలిపడి అదురును మింగేస్తుంది.

నట్టు ఊడింది గాని బోల్టు రాలేదు. స్పానరుతో తిప్పితే కాస్త తిరిగి, వదలగానే వెనక్కి వచ్చేస్తోంది. అంటే తుప్పుపట్టి బోల్టూ, లోపలి గొట్టమూ ఒకటైపోయాయి. తిరుగుతున్నది రబ్బరే నన్నమాట. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అంత బిగువు. ఇది తెలిసీ సమ్మెటతో బాదాను. బోల్టు చివర విచ్చుకుని మరీ మొండికేసింది.

గ్యాసుమంటతో కాలుద్దామని సిద్ధమవుతుంటే మా వీధి మేస్త్రి పరుగున వచ్చాడు. "పెట్రోలు ట్యాంకు వెనకే ఉంది బాబూ! బండినే తగలెడతావా?"

ఆయన పద్ధతి వేరు. జాకీని నమ్మి కింద దూరకూడదని ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాడు. ఇరుసు కింద వేరే జాకీ పెట్టి కమాను మీద బరువు తీశాడు. రాత్రంతా కిరసనాయిలు పోసి నానబెట్టినా బోల్టు కదల్లేదు. అప్పుడు బుష్షుకూ బ్రాకెట్టుకూ మధ్య సందులో హాక్సా బ్లేడు దూర్చి, బోల్టును రెండు వైపులా కోశాం. కమాను కిందికి దిగింది. రబ్బరును డ్రిల్లుతో తొలిచి నడిమి ముక్క తోసేశాం. కమానుకు గాటు పడకుండా బయటి గొట్టాన్ని నిలువునా కోస్తే, అదీ ముడుచుకుని వచ్చేసింది.

కన్నాన్ని గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్ళు రాశాం. ఇంజన్ ఆయిలు తగిలితే రబ్బరు ఉబ్బి చెడుతుంది. పొడవాటి బోల్టు, మందపాటి వాషర్లు, ఒక పైపుముక్క పెట్టి, బయటి గొట్టం అంచు మీదే ఒత్తిడి పడేలా కొత్త బుష్షును లోపలికి లాగాం. కొత్త బోల్టుకు పలచగా గ్రీజు పూసి తొడిగాం.

నేను నట్టు బిగించబోతే మేస్త్రి ఆపాడు. "చక్రాలు నేల మీద ఆనాక బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. త్వరగా చిరుగుతుంది. పాతది బిగించిన పెద్దమనిషి గ్రీజూ రాయలేదు, బండీ దించలేదు. ఎవరో ఏమో!"

నాన్న నావైపు చూశారు, ఏమీ అనలేదు. మూడేళ్ళ కిందట, ఇంటర్ సెలవుల్లో, ఆ బుష్షు వేసిన పెద్దమనిషిని నేనే.