డీజిల్ పొగను శుద్ధిచేయు విధము

జనగామ మీదుగా వరంగల్లుకు పోవు రహదారిపై లారీలు, మహబూబాబాదు చేలలో ట్రాక్టర్లు, వరికోత యంత్రములు, భూపాలపల్లి బొగ్గు గనుల వద్ద టిప్పర్లు, ఇవన్నియు డీజిల్ బలముతోనే నడచుచున్నవి. వీని పొగ ఎట్లు పుట్టుచున్నది, దానిని శుద్ధిచేయు ఏర్పాట్లు ఎట్టివి అను విషయమును నేడు విచారింతము.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఇంధనమును మండించును. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. అందు పిస్టను గాలిని ఇంచుమించు పదునారవ వంతునకు అదుమును. ఆ అదుముడుచే గాలి 500 డిగ్రీలకు మించి కాగును. అప్పుడు తుంపరగా చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకొనును.

ఇచటనే చిక్కు కలదు. తుంపర దట్టమై గాలి చాలనిచోట మసి పుట్టును. మంట మిక్కిలి వేడియైనచోట గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నత్రజని ఆక్సైడులగును. మంటను చల్లబరచిన మసి పెరుగును. వేడి పెంచిన ఆక్సైడులు పెరుగును. కావున రెంటికిని వేర్వేరు చికిత్సలు అవసరమైనవి.

మొదటిది, చల్లార్చిన పొగలో కొంత భాగమును తిరిగి సిలిండరులోనికి పంపుట. దానిచే మంట వేడి తగ్గి ఆక్సైడులు తగ్గును. రెండవది, ప్లాటినము పూసిన ఉత్ప్రేరకము. ఇది విషవాయువైన కార్బన్ మోనాక్సైడును, మండక మిగిలిన ఇంధనపు ఆవిరిని దహించివేయును. మూడవది, తేనెపట్టు వంటి పింగాణి జల్లెడ. దాని కన్నములు ఒకటి ముందు కొసను, ప్రక్కది వెనుక కొసను మూసియుండును. పొగ గోడల సూక్ష్మరంధ్రముల గుండ దూరిపోగా మసి నిలిచిపోవును. పేరుకొన్న మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోవును. నాలుగవది, డీఈఎఫ్ అను ద్రవము. నూటికి 32.5 పాళ్ళు స్వచ్ఛమైన యూరియా, తక్కినది శుద్ధజలము. వేడి పొగలో ఇది అమోనియాను ఇచ్చును. ఆ అమోనియా ఉత్ప్రేరకముపై ఆక్సైడులను నత్రజనిగను నీటిగను మార్చును. అయితే బొగ్గుపులుసు వాయువును ఇవి ఏవియు తొలగింపజాలవు.

గంధకము ఉత్ప్రేరకమును చెరచును. అందుచే 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను భారత్ స్టేజి 6 నియమములు అమలుకు వచ్చినప్పుడు, డీజిల్‌లో గంధకపు పరిమితిని పది లక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు తగ్గించిరి.

ఇక వాహనదారులు ఎరుగవలసిన మాటలు. కొద్ది దూరములే తిరుగుచు ఆగి ఆగి నడచు బండిలో జల్లెడకు చాలినంత వేడి అందదు, అది పూడుకొనును. హెచ్చరిక దీపము వెలిగినచో తయారీదారు పుస్తకములో చెప్పినట్లు బండిని కొంతసేపు రహదారిపై నిలకడగా నడపవలెను. ఖర్చు తగ్గునని పొలమునకు చల్లు యూరియాను నీట కలిపి పోయరాదు. 2015 నుండి దేశమున తయారగు యూరియాకు వేపనూనె పూత తప్పనిసరియైనది. ఆ నూనెయు, ఇతర మాలిన్యములును ఉత్ప్రేరకమును పాడుచేయును. జల్లెడను ఊడబెరికించుట అంతకంటె చెడ్డ పని. బండి తేలికగా లాగునేమో గాని, మసి ఊరి గాలిలో కలియును.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను మానవులకు కాన్సరు కలిగించు పదార్థముగా నిర్ణయించినది. దానిని మొదట పీల్చువారు నడుపువాడును, క్లీనరును, దారి ప్రక్క అంగడివారును, బడికి నడచిపోవు పిల్లలును. కావున ఈ పరికరములను చక్కగా కాపాడుకొనుట బండికే గాక మనుష్యులకును మేలు.