టమోటా ధరల పటంలో గిట్టుబాటు గీత ఏదీ?

మదనపల్లె టమోటా ధారణలకు నిలకడ లేదన్న సంగతి ఉమ్మడి చిత్తూరు జిల్లా రైతులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2023 జులై చివర మేలురకం కిలో 150 రూపాయలు దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర నేలకు జారింది. నారు నాటిన రెండు నెలలకు గాని తొలికోత చేతికి రాదు గనుక, ఏ వారం నాటాలన్నదే రైతుకు అసలు ప్రశ్న. దానికి నిన్నటి ధర చాలదు. పదేళ్ల ధరలు ఒక్కచూపున కనబడాలి.

అంకెలకు కొరత లేదు. కేంద్రప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో కనిష్ఠ, గరిష్ఠ ధరలు, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మార్కెట్టువారీగా క్వింటాలు లెక్కన నమోదవుతున్నవి. వేలకొద్దీ అంకెల పట్టీ చదివే ఓపిక ఎవరికున్నది? పోనీ సగటు తీద్దామంటే, 2023 వంటి ఒక్క ఏడాది జులై సగటునంతా పైకి లాగివేస్తుంది.

ఇక్కడ అక్కరకు వచ్చేది లెవెల్ ప్లాట్. వారాలను అడ్డంగా, సంవత్సరాలను నిలువుగా పేర్చి, ఒక్కొక్క గడిని ఆ వారపు ధరను బట్టి రంగుతో నింపుతారు. తిరుపతి సమీపంలోని గాదంకి వాతావరణ పరిశోధనశాలవారు రాడార్ కొలతలను, కాలం ఒక అంచుగా, ఎత్తు మరొక అంచుగా ఇటువంటి రంగుల పటాలలోనే చూపుతుంటారు. ధరల పటంలో ఎత్తుకు బదులు సంవత్సరం వస్తుంది.

ఈ పటాలు గీయడానికి 'ఆర్' అనే గణాంక సాఫ్ట్‌వేరు చాలును. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990 దశకం తొలినాళ్లలో దీన్ని మొదలుపెట్టారు. వెల లేదు. ఇందులో లాటిస్ అనే విభాగాన్ని రూపొందించినది మన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు దీపాయన్ సర్కార్. ధర, వారం, సంవత్సరం అన్న మూడు పేర్లు ఒక్క వరుసలో ఇస్తే పటం సిద్ధం.

అయితే చిక్కంతా రంగుల మెట్లలోనే ఉన్నది. మనం ఏమీ చెప్పకపోతే యంత్రం ధరల వ్యాప్తిని 16 సమాన మెట్లుగా కోస్తుంది. ధరలు 2 రూపాయల నుంచి 162 రూపాయల దాకా ఉన్నాయనుకుంటే మెట్టుకు సుమారు 10 రూపాయలు. అంటే కిలో 3 రూపాయలు, 11 రూపాయలు ఒకే రంగు! యంత్రానికి ఆ రెండూ ఒకటే కావచ్చును. కోతకూలి, లారీ బాడుగ, కమీషన్ ఇచ్చుకునే రైతుకు మాత్రం ఒక ధరకు పంటను చేలోనే వదిలివేయాలి, మరొక ధరకు నాలుగు డబ్బులు మిగులుతాయి. కనుక మెట్లను మనమే నిర్ణయించాలి: అడుగున 3, 5, 8, 12 వలె దగ్గరగా, పైన 40, 80, 160 వలె దూరంగా. అందుకు సాఫ్ట్‌వేరులో వీలున్నది.

కాంటూర్ గీతలకూ ఇదే వర్తిస్తుంది. రైతుకు కావలసినవి రెండే గీతలు: కోత, రవాణా ఖర్చులు వచ్చే ధర ఒకటి, పెట్టుబడంతా వచ్చే ధర రెండోది. కాని ఈ గీతలు గడికీ గడికీ నడుమ ధరను ఊహించి సాగుతాయి. వారానికీ వారానికీ మధ్య ఆ ఊహ కొంతవరకు చెల్లును. 2022కూ 2023కూ నడుమ ఏ ధర ఉంటుంది? కనుక రంగుగడులే నమ్మదగినవి. వేలం లేని వారపు గడిని తెల్లగానే వదలాలి.

మదనపల్లె ఒక్కటే చూసినా సరిపోదు. పొరుగున కోలారు ధారణ ఇటు, ఇక్కడి ధారణ అటు ప్రభావం చూపుతుంటాయి. లాటిస్‌లో మార్కెట్టు పేరు కూడా చేరిస్తే రెండు పటాలూ ఒకే రంగుల కొలతతో పక్కపక్కన వస్తాయి.